కీర్తి కోరిక చెరువుకు దోషమా, సామగ్రా?

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగరపు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించిన శాసనం అది. భాష సంస్కృతం. మన నీటిపారుదల చరిత్ర రాసేవాళ్లెవరూ దాన్ని దాటిపోలేరు, ఎందుకంటే మంచి చెరువు కుదరాలంటే ఏమేం ఉండాలో అందులో పన్నెండు అంశాలుగా చెప్పారు. గట్టి బంకనేల, తియ్యటి నీళ్లు తెచ్చే ఏరు, ఏటిని ఆనుకున్న కొండ, కొండల నడుమ మరీ పొడుగు కాని రాతికట్ట, పొడవాటి రాళ్లు దొరికే గని, నీటిశాస్త్రం చదివిన పండితుడు, కట్టుబడి పని తెలిసిన జట్టు. ఇవన్నీ తర్వాత వస్తాయి. మొట్టమొదటి అంశం కట్టించేవాడి గురించి. ధర్మబుద్ధి, సంపద, సుఖం ఉండి, కీర్తి అనే శాశ్వత ధనం మీద కోరిక ఉన్న రాజు కావాలి అంటుంది శాసనం.

చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులోనే ఉన్నాయి. కట్ట నుంచి నీళ్లు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల పొలిమేరలో పడటం, చెరువు నడుమ మిట్ట, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువవడం. కట్టించినవాడి కీర్తి పిచ్చి ఈ ఆరింటిలో లేదు. ఆరున్నర శతాబ్దాల కింద చెరువుల గురించి అంత నిక్కచ్చిగా ఆలోచించినవాళ్లు పేరు మీద ఆశను సామగ్రి పట్టీలో రాశారు, అదీ మొదటి వరసలో.

ఇక కర్నూలు జిల్లాకు రండి. గుత్తి, పత్తికొండల మధ్య ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలూ ఉన్నాయి. పదో శాసనంలో రాజు చెప్పే మాట సారాంశం ఇది: కీర్తి, యశస్సు పెద్ద విషయాలని నేననుకోను, నా ప్రజలు ధర్మం విని ఆచరిస్తే ఆ మేరకు మాత్రమే అవి నాకు కావాలి. కీర్తి వద్దన్న మాటను కొండరాయి మీద చెక్కించడమేమిటప్పా అని ఎవరికైనా అనిపిస్తుంది. అవే బండల మీద రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించాననీ ఆయన చెప్పుకున్నాడు కూడా. కానీ ఎర్రగుడిలో ఎక్కడా అశోకుడన్న సొంత పేరు లేదు. దేవతలకు ఇష్టుడైన ప్రియదర్శి అన్న బిరుదే ఉంది. ఆ బిరుదు అశోకుడిదేనని రూఢి అయింది 1915లో రాయచూరు పక్కన మస్కిలో దొరికిన శాసనంతో.

ఒక రాయి కీర్తి కోరిక ఉండాలంటుంది, ఇంకొకటి అది అంత విలువైంది కాదంటుంది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండూ ఒక్క చోట కలుస్తాయని నా అభిప్రాయం. రెండూ కీర్తిని వట్టిగా వదిలిపెట్టలేదు, దేనికో కట్టేశాయి. ఒకచోట చెరువు నిలవాలి, ఇంకోచోట జనం ఆచరించాలి. ఆ కట్టు తెగిపోయిన చోటే మనకు ఈ రోజుల్లో చిరాకు పుడుతోంది.

ఏప్రిల్ వచ్చిందంటే కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర, అనంతపురం క్లాక్ టవర్ దగ్గర, కడప ఏడురోడ్ల కూడలిలో చలివేంద్రాలు వెలుస్తాయి. ఇసుక పోసి, తడిగుడ్డ చుట్టిన నాలుగు కుండలు. వాటి వెనక కుండలకు పదింతల ఫ్లెక్సీ, అందులో దాత, దాత తండ్రి, దాత అభిమానించే నాయకుడు, ఆ నాయకుడి నాయకుడు. గుడికి పోతే ట్యూబులైటు మీద ఎర్రరంగుతో రాసిన పేరు వెలుతురును సగం మింగేస్తుంది. ఫ్యాను రెక్కల మీద ఒక కీర్తిశేషుడు గిరగిర తిరుగుతుంటాడు. ఇవి చూసి నవ్వుకోవడం మనకు అలవాటు. 'కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదు', 'పుణ్యం చెప్పుకుంటే కరిగిపోతుంది' అంటాం. అన్నాక ఆ చలివేంద్రం నీళ్లే తాగుతాం.

మంచి పనికి పేరు కోరుకోవచ్చా అని అడిగినప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నామనుకుంటాం. నిజానికి అందులో నాలుగు ముడిపడి ఉన్నాయి. చేసినవాడి మనసు శుద్ధంగా ఉందా? పేరు వల్ల మంచి పని పెరుగుతుందా, తగ్గుతుందా? సాయం పుచ్చుకున్న మనిషికి ఏమవుతుంది? ఇచ్చిన డబ్బు ఎటు పోయిందో నలుగురికీ తెలిసే వీలుందా? మొదటిదానికి జవాబు చెప్పి నాలుగింటికీ చెప్పేశామనుకుంటాం కాబట్టే వాదన తెగదు.

మనసు సంగతి ముందు తేల్చేద్దాం, అది త్వరగా తేలేదే. భగవద్గీత పదిహేడో అధ్యాయం తిరిగి ఉపకారం చేయలేనివాడికి, తగిన చోట, తగిన కాలంలో, ఇవ్వాలి కాబట్టి ఇచ్చేది సాత్విక దానమంటుంది. ప్రతిఫలం ఆశించి ఇస్తే అది రాజసం. రాజస దానం దానమే కాదని మాత్రం అనదు. కడప అమీన్‌పీర్ దర్గాకు పోయేవాళ్లకు తెలిసిన సంగతి ఇంకోటుంది. ఖురాన్ రెండో సూరా 271వ వాక్యం దానం బహిరంగంగా చేస్తే మంచిదే, గుప్తంగా పేదలకిస్తే ఇంకా మంచిది అంటుంది. ఎడమచేతికి తెలియనివ్వొద్దన్న మాట మత్తయి సువార్తలోది. అన్నీ గుప్తదానాన్నే పైమెట్టు మీద పెట్టాయి, నిజమే. కానీ అది దాత తన లోపల చూసుకోవడానికి పెట్టిన కొలత. బయట నిలబడ్డ మనం ఇంకొకరి మనసు కొలవడానికి దాన్ని వాడుతున్నాం. ఎవరి గుండెలో ఎంత పాలు దయ ఉందో, ఎంత పాలు డాబు ఉందో తేల్చే తూనిక మన దగ్గర లేదు. ఆ లెక్క ఎవరిది వాళ్లకు వదిలేయడమే మర్యాద.

రెండో ప్రశ్నకు మాత్రం లెక్కలు దొరుకుతాయి. ఇటలీలో ఒక పట్టణపు రక్తదాతల రికార్డులను లాచెతెరా, మాచిస్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు పరిశీలించి 2010లో ప్రచురించారు. అక్కడ ఇన్నిసార్లు రక్తమిస్తే ఈ పతకం అని మెట్లు ఉంటాయి. మెట్టు దగ్గర పడేకొద్దీ దాతలు త్వరత్వరగా వచ్చి రక్తమిచ్చారు. అయితే అన్ని పతకాలకూ అలా జరగలేదు. ఊరి పత్రికలో పేరు పడి, సభలో అందరి ముందూ ఇచ్చే పతకాల దగ్గరే ఆ తొందర కనబడింది. చేతిలో పెట్టి పంపే పతకం ఎవర్నీ కదిలించలేదు. జాంబియా రాజధాని లుసాకాలో ఇంకో ప్రయోగం జరిగింది. ఎయిడ్స్ నివారణ కోసం క్షవరశాలల వాళ్లతో ఆడవాళ్ల కండోములు అమ్మించారు. కొందరికి కమీషన్ ఇచ్చారు, కొందరికి గోడమీద అతికించుకునే పట్టీ ఇచ్చి, అమ్మినకొద్దీ దానిమీద నక్షత్రాలు అంటించారు. 2014లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం నక్షత్రాల వాళ్లు మిగతావాళ్లకు రెట్టింపు అమ్మారు.

ఇది తెలుసుకోవడానికి మనకు లుసాకా దాకా పోయే పని లేదు. పెండ్లిలో చదివింపులు మైకులో చదివితే ఎట్లుంటుందో, కవరు పెట్టెలో వేస్తే ఎట్లుంటుందో అందరికీ తెలుసు. గూగూడు కుళ్లాయస్వామి పీర్ల పండుగకైనా, వీధి వినాయకుడికైనా చందా పుస్తకం పట్టుకొచ్చే కుర్రాడు పైన ఎవరెంత రాశారో ముందు చూపించేది ఊరికే కాదు. ఇందులోనే ఒక తమాషా ఉంది. అమెరికాలో న్యాయ కళాశాలలకు పూర్వ విద్యార్థులిచ్చే విరాళాలను గమనించిన హార్బా అనే ఆర్థికవేత్త, ఏ మొత్తానికి పేరు ప్రకటిస్తారో సరిగ్గా ఆ మొత్తం దగ్గరే విరాళాలు గుంపుగా చేరతాయని 1998లో చూపించాడు. మన గుడి బోర్డుకూ అదే వర్తిస్తుంది. 10,116 ఇస్తే రాతిఫలకం మీద పేరు అంటే ఏడువేలు ఇద్దామనుకున్నవాడు మూడు వేల చిల్లర కలుపుతాడు, పద్నాలుగు వేలు ఇవ్వగలిగినవాడు 10,116 దగ్గరే చేతులు దులుపుకుంటాడు. పేరు ఆశ చూపేవాళ్లు మెట్టు ఎక్కడ కట్టాలో కూడా ఆలోచించాలి.

పేరు పనిచేసే చోట డబ్బు చొరబడితే కథ మారుతుంది. డాన్ ఆరియెలీ, మరో ఇద్దరు కలిసి 2009లో ప్రచురించిన ప్రయోగంలో ధర్మకార్యం కోసం కంప్యూటర్ మీటలు నొక్కమంటే జనం నలుగురి ముందు ఎక్కువ నొక్కారు. వాళ్లకు కూడా కూలి ఇస్తామన్నప్పుడు, ఎవరూ చూడని చోట పని పెరిగింది గానీ, అందరూ చూసే చోట ఆ కూలి వల్ల లాభం లేకపోయింది. డబ్బు కోసం చేస్తున్నాడనుకుంటారేమో అన్న శంక దయకున్న పేరును చెడగొడుతుంది. మన దేశంలో రక్తం అమ్ముకోవడాన్ని 1996లో సుప్రీంకోర్టు ఆపమంది, 1998 జనవరి 1 నుంచి అది నిషిద్ధం. అసలు కారణం రోగాల భయం. ఆ తర్వాత రక్తనిధులకు మిగిలినవి సర్టిఫికెట్టు, చప్పట్లు, కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం, ఒక పండ్లరసం డబ్బా. ఎన్నోసారి ఇస్తున్నాడో చెప్పుకునే రక్తదాతను చూసి నవ్వేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ చెప్పుకోవడం కూడా లేకపోతే సర్వజన ఆసుపత్రిలో కాన్పుకొచ్చిన మనిషికి సీసా దొరకడం ఇంకా కష్టమవుతుంది.

కాబట్టి పేరు మంచి పనిని పెంచుతుంది. ఏ మంచి పనిని అన్నదే అసలు చిక్కు, ఇక్కడ కొంచెం ఆగాలి.

పేరు కనిపించే పని వైపే లాగుతుంది. కనిపించేది ప్రారంభం. రిబ్బను ఒకసారే కత్తిరిస్తారు, కుండ రోజూ నింపాలి. చలివేంద్రం మీద ఫ్లెక్సీ జూన్‌లో గాలివానకు చినిగేదాకా ఉంటుంది, కుండలు చాలాచోట్ల మే మొదటివారానికే బోర్లిస్తారు. బడికి నీళ్ల యంత్రం ఇచ్చినవాడి పేరు గోడ మీద ఉంటుంది, దాని ఫిల్టర్ మార్చే డబ్బు మాత్రం ఎవరి ఖాతాలోనూ ఉండదు. మొక్కలు నాటే కార్యక్రమాలది మరీ ఘోరం, ఒకే గుంతలో ఏటా జులైలో ఒక ముఖ్య అతిథి. కొత్త చెరువు తవ్వించినవాడికి శాసనం ఉంది గానీ పాత చెరువులో పూడిక తీసినవాడికి ఫ్లెక్సీ కూడా దొరకదు. తూము బిగుసుకుపోయినా, మరవ దగ్గర రాయి కదిలినా బాగుచేసేవాడు ఫోటోకు పనికిరాడు.

మన పెద్దలు ఈ చిక్కును పసిగట్టి ఒక ఏర్పాటు చేశారు. కడప, అనంతపురం ప్రాంతంలో దశబంధం ఇనాములని ఉండేవి. చెరువో బావో కట్టించినవాడికి ఆయకట్టులో కొంత భూమి గానీ, శిస్తులో కొంత భాగం గానీ దక్కేది. ఊరికే కాదు, చెరువును మరమ్మతులో ఉంచాలి. కంపెనీ రికార్డుల్లోకీ, ఆ తర్వాత ఇనాం లెక్కల్లోకీ అవి ఎక్కాయి. గౌరవం ఉంది, లాభం ఉంది, రెండింటికీ షరతు ఉంది. అందరూ ఆ షరతు పాటించారని కాదు, పాటించనివాళ్ల మీద ఫిర్యాదులూ ఉండేవి. కానీ పేరును ప్రారంభ దినానికి కాకుండా పని బతికున్నన్నాళ్లకూ ముడివేయాలన్న ఆలోచన ఉంది చూడండి, మన దాతల బోర్డుల్లో అది కనబడటం లేదు.

నన్నడిగితే చలివేంద్రానికి పేరు పెట్టుకోనివ్వాలి, పెద్దదే పెట్టుకోనివ్వాలి. దాని కింద ఏ తారీఖు దాకా నీళ్లుంటాయో, కుండ ఖాళీ అయితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా రాయాలి. తండ్రి పేరు మీద పెట్టినవాడు ఆ పేరు కిందే ఖాళీ కుండ ఉండనివ్వడు. బడికిచ్చిన యంత్రం మీద దాత పేరు పక్కన ఏటా మరమ్మతు చేయించే బాధ్యత ఎవరిదో ఉండాలి. కొన్ని దేవస్థానాల శాశ్వత అన్నదాన పథకాల్లో ఈ తెలివి కొంత ఉంది. అసలు బ్యాంకులో ఉంటుంది, వడ్డీతో ఏటా దాత కోరిన తేదీన అన్నం పెడతారు, ఆ రోజే పేరు రాస్తారు. పేరు కనిపించిన ప్రతిసారీ విస్తరిలో అన్నం కూడా కనిపిస్తుంది.

అనంతపురం జిల్లాలో ఈ తేడా పెద్ద ఎత్తున చూడొచ్చు. 1990లలో సత్యసాయి ట్రస్టు ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం వేసింది. ఫ్లోరైడు నీళ్లతో పండ్లు గారకట్టి, ఎముకలు వంగిన జిల్లాలో ఇదెంత పనో వేరే చెప్పక్కర్లేదు. 1999 నవంబరులో తపాలా శాఖ దాని మీద స్టాంపు కూడా వేసింది. ఇంకోవైపు 1969 నుంచి ఆర్‌డీటీ, అంటే విన్సెంట్ ఫెర్రర్, ఆన్ ఫెర్రర్ దంపతుల సంస్థ, ఇళ్లు, బళ్లు, బత్తలపల్లి లాంటి చోట్ల ఆసుపత్రులు. 2009లో ఫెర్రర్ పోయాక కూడా ఆ పని ఆగలేదు. ఈ రెంటిలో ఏది గొప్ప అని ఊళ్లో వాదులాడుకుంటారు గానీ నాకు ఆసక్తి వేరే. రెంటికీ పేరుంది, పెద్ద పేరు. ఆ పేరే డబ్బు తెచ్చింది. కానీ స్టాంపు వేసేది పథకానికి. ఇరవై ఏండ్ల తర్వాత మోటారు కాలిపోయినప్పుడు, పైపు పగిలినప్పుడు చేసే పనికి స్టాంపు ఉండదు. ఆర్‌డీటీకి స్పెయిన్‌లో వేలాది కుటుంబాలు నెలనెలా డబ్బు పంపేది ఒక్కో పిల్లవాడికి దత్తదాతలుగా. ఆ పిల్లవాడి పేరు, ఫోటో, ఉత్తరం వాళ్లకు చేరతాయి. డబ్బు మాత్రం ఒక్క పిల్లవాడి చేతికి పోకుండా ఊరి పనులకు, చదువుకు, వైద్యానికి పోతుంది. ఇచ్చేవాడికి ఒక ముఖం కావాలి, పుచ్చుకునే చోట అది ఒక్క ముఖానికే చుట్టుకోకూడదు. ఆ రెంటి మధ్య వాళ్లు కనిపెట్టిన దారి అది.

ముఖం అన్నాక మూడో ప్రశ్న వచ్చేసినట్టే. పేరు కోరడం మీద నాకున్న అసలు అభ్యంతరం దాత గురించి కాదు, పక్కన నిలబడ్డ మనిషి గురించి. దుప్పటి ఒక చివర దాత పట్టుకుంటాడు, ఇంకో చివర ముసలమ్మ. ఫోటో బాగా రాలేదని ఇంకోసారి పట్టుకోమంటారు. దాతకు అది పేరు. ఆమెకు? ఆమె ఊళ్లో, ఆమె కోడలి ఫోన్లో, ఆమె మనవడి క్లాసులో ఆ బొమ్మ తిరుగుతుంది. కరువు సీమలో గంజి కేంద్రాల దగ్గర నిలబడటానికి మొహమాటపడి పస్తున్నవాళ్ల కథలు మన ఇండ్లలో ఇప్పటికీ చెబుతారు. వాటిలో కొన్నైనా 1876-78 నాటి ధాత కరువు జ్ఞాపకాలు. పుచ్చుకునేవాడు కూడా పరువున్న మనిషేనన్న సంగతి ఈ నేలకు కొత్తగా నేర్పాల్సిన పని లేదు. మరి ఫోన్ కెమెరా రాగానే ఎట్ల మర్చిపోయినామో!

పిల్లల విషయంలో అయితే ఇది మర్యాద ప్రశ్న కూడా కాదు, చట్టం ప్రశ్న. పుట్టినరోజుకు అనాథాశ్రమానికి పోయి కేకు కోసి, పిల్లలతో ఫోటో దిగి వాట్సాప్ స్టేటస్ పెట్టడం మన పట్టణాల్లో ఆనవాయితీ అయిపోయింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, ఫోటో, బడి, చిరునామా లాంటి గుర్తులు ఏ ప్రసార మాధ్యమంలోనూ బయటపెట్టకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. కేకు కోయండి, పలావు పెట్టండి, మీ ఫోటో గేటు బయట దిగండి.

ఇంతా విని, అయితే గుప్తదానమే శ్రేష్ఠం కదా అనొచ్చు. దాని వెనకా ఒక మాట చెప్పాలి. గుప్తంగా ఇచ్చేవాళ్లందరూ పుణ్యాత్ములు కారు. దాత ఎవరో చెప్పని విరాళాలు ధర్మసంస్థలకు ఒక పరిమితి దాటి వస్తే ఆదాయపు పన్ను చట్టం వాటిమీద 30 శాతం పన్ను వేస్తుంది. పూర్తిగా మతపరమైన సంస్థలకు మినహాయింపు ఉంది కాబట్టి మహానంది హుండీలో నోటు వేసేవాడికి ఇబ్బంది లేదు. ఈ పన్ను ఎందుకంటే పేరులేని డబ్బు నల్లడబ్బుకు సులువైన దారి. ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే ఎన్నికల బాండ్లు. 2018లో మొదలై, ఎవరు ఏ పార్టీకి ఇచ్చారో ఓటరుకు తెలియకుండా నడిచి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసేదాకా సాగాయి. ఎడమచేతికి తెలియకుండా ఇవ్వడం అక్కడ వినయం కాదు. ఇచ్చేవాడికి బలం, పుచ్చుకునేవాడి మీద పట్టు ఉన్నప్పుడు పేరు బయట ఉండటమే న్యాయం. పేదవాడికి పేదవాడు ఇచ్చేచోట గుప్తం, బలవంతుడు ఇచ్చేచోట బహిరంగం అని గీత గీసుకుంటే చాలావరకు సరిపోతుంది. గుత్తేదారు ఊరికి కల్యాణమండపం కట్టిస్తే ఎవరు కట్టించారో ఎంత ఖర్చయిందో ఊరికి తెలియాలి.

పేరు ఎవరికి పోతుందన్నది ఇంకో సంగతి. అడిగి తెచ్చుకున్న పేరుకూ జనం పెట్టిన పేరుకూ తేడా ఉంది. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి 1866 ప్రాంతపు కరువులో ఆస్తి కరిగేలా వేలమందికి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి పేరిట బంగారు పతకం వచ్చింది. ఆ పతకం చూసినవాళ్లు ఎందరున్నారో గానీ ఆయన మీద పాట మాత్రం సీమలో కోలాటాల్లో, భజనల్లో పాడుతూ వచ్చారు. ఒకప్పుడు దత్తమండలాల కలెక్టరుగా చేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరుగా ఉండగా 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే సర్కారు అక్కడ బావి, తోపు వేయించింది. జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. ఈ రెండోది ఏ సర్కారూ చేయించగలిగిన పని కాదు.

అట్లని జనం ఎప్పుడూ సరిగ్గానే పంచుతారనుకోవద్దు. పోరుమామిళ్ల శాసనమే వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేండ్లు పనిచేశాయని లెక్క చెబుతుంది, ఒక్క కూలీ పేరు చెప్పదు. సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని సొంత డబ్బుతో, అప్పులు చేసి కూడా పండితులను పోషించాడు, వేమన పద్యాలు సేకరించి 1829లో అచ్చు వేయించాడు. మనం బ్రౌన్‌ను తలుస్తాం. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య లాంటి పండితుల పేర్లు మనదాకా వచ్చాయంటే బ్రౌన్ వాటిని రాసిపెట్టడం ఒక కారణం. పాడుబడ్డ ఆ బంగళా స్థలంలో గ్రంథాలయం లేపడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఏండ్ల తరబడి తిరిగి చందాలు పోగుచేశాడు, ఇంకొకరి పేరు నిలబెట్టడానికి. చేసిన పనికి తన పేరు అడగడం మొహమాటమనుకునేవాళ్లు కనీసం పక్కనున్నవాళ్ల పేర్లయినా గట్టిగా చెప్పొచ్చు. అన్నదానం ఫలకం మీద దాత పేరు తర్వాత వంటమాస్టరు పేరు, వడ్డించిన స్వయం సహాయక సంఘం పేరు రాయడానికి ఎంత రాయి కావాలి?

చట్టం ఒక్కచోట ఈ మొత్తం తగాదాను చక్కగా పరిష్కరించింది, మనకు అది పెద్దగా తెలియదు. కర్నూలు నుంచి డోన్, గుత్తి మీదుగా అనంతపురం పోయే 44వ జాతీయ రహదారి మీద ప్రమాదం జరిగితే ఇదివరకు ఆగి ఎత్తుకుపోవడానికి జనం భయపడేవాళ్లు, స్టేషన్ల చుట్టూ తిప్పుతారని. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చారు. ఆసుపత్రి గానీ పోలీసులు గానీ వాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2021 అక్టోబరులో, తీవ్రంగా గాయపడ్డవాళ్లను మొదటి గంటలోపు ఆసుపత్రికి చేర్చినవాళ్లకు 5,000 రూపాయల బహుమతి, ప్రశంసాపత్రం పెట్టారు. 2025లో ఆ మొత్తాన్ని 25,000 చేశారు. పేరు వద్దనుకునేవాడికి వద్దనే హక్కు, కావాలనుకునేవాడికి గౌరవం. ఏ ఒక్కరినీ ఇంకొకరికంటే తక్కువ చేయలేదు. ప్రాణాపాయంలో ఉన్నవాణ్ని తెచ్చిన ఆటోడ్రైవరు ఆ 25,000 కోసం ఫారం నింపితే తప్పుబట్టేవాళ్లుంటారు. ఆ రోజు అతను పోగొట్టుకున్న బాడుగలు, రక్తం కడిగించుకున్న సీటు వాళ్లకు కనబడవు. నింపనివ్వండి, పేపర్లో కూడా వేయండి, చదివిన ఇంకో డ్రైవరు రేపు డోన్ దగ్గర ఆగుతాడు. విలేకరులకు ఒక్క మనవి. ఆ వేళకు గాయపడినవాడి ఇంటికి ఇంకా కబురు పోయి ఉండదు, కాబట్టి డ్రైవరు ఫోటో వేయండి, స్ట్రెచర్ మీదున్న మనిషిది వద్దు.